డబ్బిచ్చే క్లయింటు ఎక్కడుంటాడు?

హైదరాబాద్ అమీర్‌పేటలోనో విశాఖ ద్వారకానగర్‌లోనో కోర్సు చేసి బయటికొచ్చిన కుర్రాడు వర్డ్‌ప్రెస్ మీద చూడచక్కని సైటు కట్టగలడు. ఫొటోలు ఎలా అమర్చాలో, ఫోన్‌లో పేజీ ఎలా కనిపించాలో, ఫారం నింపితే మెయిల్ ఎవరికి వెళ్లాలో అతనికి తెలుసు. ఆ సైటుకు డబ్బిచ్చేది ఎవరో మాత్రం కోర్సులో చెప్పరు. ఉద్యోగం జోలికి పోకుండా సొంతంగా వెబ్ డిజైన్ చేసుకుని బతుకుదామనుకున్నవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. విద్య చాలక ఆగిపోయినవాళ్లు తక్కువ.

పని దొరకడం నిజానికి కష్టం కాదు. మేనమామగారి ఫంక్షన్ హాలుకు సైటు కావాలి, స్నేహితుడి స్టార్టప్‌కు కావాలి, కాలనీ సంఘానికి కావాలి. "ముందు చేసి చూపించు, బాగుంటే చూద్దాం" అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అందుకే ప్రశ్నను కాస్త బిగించి చూడాలి. క్లయింట్లు ఏయే దారుల్లో వస్తారు? డబ్బు పెట్టే ఉద్దేశం ఉన్నవాళ్లు ఏ దారిలో ఎక్కువ? పని అయ్యాక ఆ డబ్బు చేతికొచ్చేది ఎలా? ఇందులో కొన్నింటికి జవాబు ఆర్థికశాస్త్రవేత్తల పరిశోధనల్లో ఉంది, కొన్నింటికి చట్టాల్లో ఉంది, మిగతాది బజార్లో ఉంది.

కొత్తవాళ్లు మొదట తట్టే తలుపు ఆన్‌లైన్ వేదికలది. 1999 నాటి ఈలాన్స్, దాని తర్వాత వచ్చిన ఓడెస్క్ 2013 చివర్లో విలీనాన్ని ప్రకటించాయి. ఆ సంస్థే 2015లో అప్‌వర్క్ అయింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుంచి ఫ్రీలాన్సర్ డాట్ కామ్ 2009లో వచ్చింది. ఇజ్రాయెల్‌లో 2010లో పుట్టిన ఫైవర్ 5 డాలర్ల పనులతో మొదలై, ఇప్పటికీ పనిచేసినవాళ్ల సంపాదనలో 20 శాతం తీసుకుంటోంది. అప్‌వర్క్ కమిషన్ చరిత్రను కొంచెం వివరంగా చూడటం మంచిది. ఒకప్పుడు అందరికీ 10 శాతం. 2016లో దాన్ని మార్చి, ఒక్కో క్లయింటు దగ్గర వచ్చిన మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, ఆపైన 10, పదివేలు దాటాక 5 శాతం చేశారు. 2023లో మళ్లీ అందరికీ 10. 2025 నుంచి పనిని బట్టి సున్నా నుంచి 15 శాతం దాకా. 2019 నుంచి ప్రపోజల్ పంపడానికి 'కనెక్ట్స్' డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వస్తోంది. పని దొరక్కముందే ఖర్చు మొదలవుతోందన్నమాట. 2016 నాటి ఆ మెట్ల లెక్కలో ఒక నిజం బయటపడింది. చిన్నచిన్న పనులు చేస్తూ రోజుకో క్లయింటు దగ్గరికి తిరిగేవాడి మీద భారం ఎక్కువ, ఒకే క్లయింటు దగ్గర ఏళ్లతరబడి నిలిచినవాడి మీద తక్కువ. ఈ వ్యాపారంలో రాబడి ఎక్కడుందో వేదిక నడిపేవాళ్లకు బాగా తెలుసు.

ఈ వేదికల మీద కొత్తవాడి కష్టం ఏమిటో అమాండా పల్లాయిస్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఒక ప్రయోగంతో చూపించారు. 2014లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో అచ్చయిన ఆ పరిశోధన కోసం ఓడెస్క్‌లో డేటా ఎంట్రీకి దరఖాస్తు పెట్టినవాళ్లలో 952 మందిని లాటరీ తీసినట్టు ఎంచి, పని ఇచ్చి, వాళ్ల ప్రొఫైల్‌లో అందరికీ కనిపించేలా అభిప్రాయం రాశారు. అంతకుముందు ఏ పనీ దొరకనివాళ్లకు కూడా ఆ ఒక్క పని, ఆ నాలుగు మాటల తర్వాత పనులు, సంపాదన రెండూ పెరిగాయి. వాళ్ల నైపుణ్యం రాత్రికి రాత్రి మారలేదు. మారిందల్లా దాన్ని చూసి చెప్పిన మూడో మనిషి ఒకడు దొరకడం. క్రిస్టఫర్ స్టాంటన్, కేథరిన్ థామస్ 2016లో ప్రచురించిన మరో పరిశోధనా ఇలాంటిదే చెప్పింది. ఏదైనా చిన్న ఏజెన్సీ పేరుతో ఓడెస్క్‌లోకి వచ్చిన కొత్తవాళ్లకు మొదటి పని త్వరగా దొరికింది, కూలీ కూడా మెరుగ్గా వచ్చింది. మనిషి పనితనం నలుగురికీ తెలిశాక ఆ ఏజెన్సీ పేరు వల్ల వచ్చే లాభం తగ్గిపోయింది.

ఈ రెండిటినీ కలిపి చదివితే నాకు కనిపించేది ఇది. ఊళ్లో పరిచయాలు లేనివాడికి, ఇంగ్లీషు ఉత్తరం రాయగలిగినవాడికి ఈ వేదికలు మొదటి సాక్ష్యం సంపాదించుకునే చోటు. అందుకోసం మొదటి రెండు మూడు పనులు తక్కువ ధరకు చెయ్యడం తప్పేమీ కాదు. ఆ ధర దగ్గరే ఏళ్లపాటు ఉండిపోవడం మాత్రం పొరపాటు. ప్రపంచంలోని ప్రతి డిజైనరూ ధరతో పోటీపడే చోట మన జీవనవ్యయం తక్కువ కావడం ఒక్కటే మన బలమైతే, మనకన్నా తక్కువకు చేసేవాడు రేపు తప్పకుండా వస్తాడు.

పోటీలు పెట్టే వేదికలను మాత్రం నేను ఈపాటి మెచ్చుకోలుతో కూడా చూడలేను. మెల్‌బోర్న్‌లో మొదలై 2020లో విస్టాప్రింట్ చేతికి వెళ్లిన 99డిజైన్స్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఒక క్లయింటు అడుగుతాడు, పదుల మంది డిజైన్లు చేసి పెడతారు, ఒక్కరికి డబ్బు వస్తుంది. మిగతా అందరి శ్రమా ఉత్త పుణ్యానికే పోతుంది. అమెరికాలో డిజైనర్ల సంఘం ఏఐజీఏ ముందస్తుగా ఉచితంగా పనిచేసే ఈ పద్ధతిని ఎప్పటినుంచో వద్దంటోంది. నేర్చుకోవడానికి పోటీ పనికొస్తుందేమో కానీ ఇల్లు గడవడానికి పనికిరాదు.

ఇక పరిచయాల దారి. "అన్నీ నోటి మాట మీదే వస్తాయి" అని అనుభవజ్ఞులు చెబుతుంటారు. ఎవరి నోటి మాట అన్నది మాత్రం చెప్పరు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రనొవెటర్ 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను ఆ పరిచయస్థుణ్ని ఎంత తరచుగా కలుస్తుంటారని అడిగారు. తరచుగా కలుస్తామన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. ఆయన అడిగింది కొన్ని పదుల మందినే, అదీ ఉద్యోగాల గురించి. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందికి పైగా మనుషుల మీద దీన్నే పరీక్షించి, కొంచెం దూరపు పరిచయాలే ఎక్కువ పనికొస్తాయని, మరీ దూరమైతే మళ్లీ ఆ బలం తగ్గుతుందని తేల్చింది. క్లయింట్ల విషయంలోనూ ఇది వర్తిస్తుందని నేను నమ్మడానికి కారణం మన బజారే. దగ్గరి బంధువులకు తెలిసిన దుకాణాలన్నీ మనకూ తెలిసినవే. మన ఇంటికి ఏడాదికోసారి వచ్చే ఆడిటర్‌కు తెలిసిన వ్యాపారాలు మనం వినని ఊళ్లలో ఉంటాయి.

డబ్బు విషయంలో అయితే దగ్గరి చుట్టరికం మరీ ఇబ్బంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, బాబాయి కొడుకు చేసే సైటుకు ఇంట్లో ఎప్పుడూ విలువ ఉండదు. బంధువులకు చెయ్యొద్దని నేననను. చేస్తే ముందే మాట్లాడుకుని, ఉచితమైతే ఉచితమనీ, డబ్బు తీసుకుంటే ఇంత అనీ స్పష్టంగా చెప్పి చెయ్యాలి. "మనవాడే కదా, తర్వాత సర్దుకుందాం" అన్న మాటతో మొదలైన పనుల్లో డబ్బూ రాదు, చుట్టరికమూ మిగలదు.

కాబట్టి ఆ కొంచెం దూరపు పరిచయస్థులు ఎవరో వెతకాలి. చార్టర్డ్ అకౌంటెంట్లు, జీఎస్టీ రిటర్నులు వేసే ట్యాక్స్ కన్సల్టెంట్లు కొత్త వ్యాపారం పుట్టగానే చూసే మొదటి మనుషులు. ప్రింటింగ్ ప్రెస్సులవాళ్లకు ఎవరు కొత్తగా విజిటింగ్ కార్డులు, బ్రోషర్లు వేయించుకుంటున్నారో తెలుసు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ఇంటీరియర్ డిజైనర్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, సీసీ కెమెరాలు బిగించేవాళ్లు రోజూ పదిమంది యజమానులతో మాట్లాడతారు. వీళ్లెవరూ సైట్లు చెయ్యరు, అందుకని మనకు పోటీ కాదు. వాళ్ల దగ్గర ఒకరు సైటు అడిగితే పంపడానికి ఒక నమ్మకమైన పేరు కావాలి, అంతే. ఆ పేరు మనదయ్యేలా చూసుకోవడానికి పెద్ద మార్కెటింగ్ అక్కర్లేదు. చెప్పిన తేదీకి ఇచ్చిన పని ఒకటి, ఆ పని గురించి వాళ్లకు వివరించే ఒక పేజీ చాలు.

దీనికి దగ్గరిదే ఏజెన్సీల దారి. బంజారాహిల్స్‌లోనో బెంగళూరులోనో ఉండే యాడ్ ఏజెన్సీలవాళ్లు పని పొంగినప్పుడు దాన్ని బయటివాళ్లకు ఇస్తారు. మార్జిన్ వాళ్లది, పేరూ వాళ్లదే. అయినా నెలనెలా పని వస్తుంది, క్లయింటుతో గొడవలు మన దాకా రావు, పెద్ద ప్రాజెక్టులు ఎలా నడుస్తాయో కళ్లారా చూడొచ్చు. మొదటి రెండేళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు. లిస్టింగ్ సంస్థల దగ్గర లీడ్లు కొనే పద్ధతి గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. ఒకే ఎంక్వైరీ నలుగురు డిజైనర్లకు అమ్ముడుపోతే, అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికి అందరికంటే ఎక్కువ బేరమాడే క్లయింటు దక్కుతాడు.

ముఖ్యమైన సంగతి ఇప్పుడు. ఒక చిన్న దుకాణానికి వెబ్‌సైటు అవసరమా? పదేళ్ల కింద ఈ ప్రశ్న అడిగితే చాలామంది డిజైనర్లు అవసరమనే చెప్పేవారు. ఇప్పుడు చీరల దుకాణానికి ఇన్‌స్టాగ్రామ్ ఉంది, 2018 నుంచి వాట్సాప్ బిజినెస్ ఉంది, హోటలుకు స్విగ్గీ, జొమాటో ఉన్నాయి, గూగుల్ మ్యాప్‌లో ఫోన్ నంబరు, పనివేళలు, ఫొటోలు ఉన్నాయి. ఇవన్నీ బాగా నడుస్తున్న యజమాని దగ్గరికి వెళ్లి "మీకు సైటు లేదండీ" అంటే అతను డబ్బు తీయకపోవడంలో తప్పు లేదు. అందుకే అవసరం ఎక్కడ నుంచి వస్తుందో చూడాలి.

అన్నిటికంటే గట్టి అవసరం చట్టం నుంచో నియమం నుంచో వస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలు ఏఐసీటీఈ అడిగే వివరాలను తమ సైటులో పెట్టాలి. నాక్ గుర్తింపుకు వెళ్లే కళాశాల తన స్వీయ అధ్యయన నివేదికను సైటులో ఉంచాలి. సీబీఎస్‌ఈ పాఠశాలలకూ అందరికీ కనిపించేలా వివరాలు పెట్టాలన్న నియమం ఉంది. స్టాక్ ఎక్స్‌ఛేంజీలో నమోదైన కంపెనీ పనిచేసే సైటు నిర్వహించాలని సెబీ నియమం. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు తమ చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. పేమెంట్ గేట్‌వే కోసం దరఖాస్తు చేస్తే రిఫండ్ పాలసీ, షరతులు ఉన్న పేజీలు చూపించమంటారు. వీళ్లకు సైటు సరదా వస్తువు కాదు. తనిఖీ తేదీ దగ్గర పడితే ధర గురించి గంటల తరబడి మాట్లాడే తీరికా ఉండదు. అయితే ఏయే వివరాలు, ఏ పేజీలో, ఏ ఫార్మాట్‌లో పెట్టాలో ముందే చదువుకుని వెళ్లిన డిజైనర్‌కే ఈ తలుపులు తెరుచుకుంటాయి.

రెండోది, కొనేవాడు దూరంగా ఉన్న వ్యాపారం. గుంటూరు మిర్చి ఎగుమతిదారుణ్ని, భీమవరం రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌ను విదేశీ కొనుగోలుదారు చూడకుండానే అంచనా వేస్తాడు. సర్టిఫికెట్లు, ప్యాకింగ్, శీతల గిడ్డంగి ఫొటోలు ఒక చోట ఉండాలి. కడియపులంక నర్సరీల మొక్కలు వేరే రాష్ట్రాలకు లారీల్లో వెళ్తాయి. మంగళగిరి, పోచంపల్లి చేనేతకు నగరాల్లో, విదేశాల్లో కొనేవాళ్లున్నారు. ఇలాంటి వ్యాపారాల్లో ఒక్క ఆర్డర్ విలువ సైటు ఖరీదుకు ఎన్నో రెట్లు. అక్కడ సైటుకు ఎంత అన్న ప్రశ్న తొందరగానే తెగుతుంది. ఒక రంగాన్ని పట్టుకుని అందులో నాలుగు సైట్లు చేసినవాడికి ఐదో క్లయింటును ఒప్పించడానికి కొత్తగా చెప్పాల్సింది ఉండదు. అన్ని రకాల సైట్లూ చేస్తానని రాసుకునే డిజైనర్ల మధ్య "నర్సరీలకు చేస్తాను" అన్నవాడు గుర్తుండిపోతాడు.

మూడోది తెలుగు తెలిసిన డిజైనర్‌కే దక్కే పని, ఎందుకో దీన్ని ఎవరూ గట్టిగా పట్టుకోరు. మన పత్రికలు, ప్రచురణకర్తలు, దేవస్థానాల దగ్గర దశాబ్దాల సరుకు అను ఫాంట్లలో పడి ఉంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు చెదరకుండా, పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా చదవగలిగేలా పేజీ కట్టడం ఢిల్లీ ఏజెన్సీకి చేతకాదు. మండలి, రామభద్ర, గిడుగు, ఎన్‌టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ పని తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి ధర చెప్పే అవకాశం మనదే.

2024 మార్చిలో జరిగినదాన్ని కూడా ఇక్కడ గుర్తుచెయ్యాలి. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తోపాటు ఉచితంగా ఇచ్చిన చిన్న సైట్లను ఆ నెలలో ఆపేసింది. కార్డుల మీద, బోర్డుల మీద ఆ చిరునామా వేయించుకున్న యజమానులకు సొంత డొమైన్ అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. చిరునామా పోగొట్టుకున్న వ్యాపారికి సాయం చెయ్యడానికి వెళ్లినవాడి మాట, అమ్మడానికి వెళ్లినవాడి మాటకన్నా బాగా వినిపిస్తుంది.

ముక్కూ మొహం తెలియనివాళ్లకు మెయిళ్లు పంపే దారి పనిచెయ్యదని కాదు. వందలమందికి ఒకే ఉత్తరం పంపితే పనిచెయ్యదు. ఒక ఆసుపత్రి సైటు తెరిచి, అపాయింట్‌మెంట్ ఫారం నింపితే ఎవరికీ చేరడం లేదని కనిపెట్టి, ఆ స్క్రీన్‌షాట్‌తో మూడు వాక్యాలు రాస్తే జవాబు రావచ్చు. అమెరికాకు పంపేవాళ్లు 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం తెలుసుకోవాలి. పంపినవాళ్ల పోస్టల్ చిరునామా, ఇక వద్దని చెప్పే వీలు ఆ మెయిల్‌లో ఉండాలి.

అమెరికాలోని తెలుగువాళ్లు నిజంగానే పెద్ద అవకాశం. డాలస్‌లో, న్యూజెర్సీలో మన హోటళ్లు, కిరాణాలు, డాన్స్ స్కూళ్లు, రియల్టర్లు, గుళ్లు ఉన్నాయి. తానా, ఆటా లాంటి సంఘాలున్నాయి. భాష కలుస్తుంది, కానీ "ఇండియా రేటుకు చేసిపెట్టండి" అన్న మాటా అక్కడే ఎక్కువ వినిపిస్తుంది. దానికి తగ్గ జవాబు అక్కడి అవసరం తెలిసుండటమే. డామినోస్ పిజ్జా మీద ఒక అంధుడు వేసిన కేసులో 2019లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాక, వికలాంగులు వాడలేని సైటు ఉంటే దావా పడుతుందన్న భయం అక్కడి హోటళ్లకూ దుకాణాలకూ పట్టుకుంది. స్క్రీన్ రీడర్‌తో చదవగలిగేలా మెనూ కట్టడం తెలిసిన డిజైనర్‌కు ఆ యజమాని ఇచ్చే ధర వేరు. అక్కడే ఉండి ఈ పని చేద్దామనుకునే మనవాళ్లు వీసా షరతులు చూసుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు పక్క సంపాదన కుదరదు. 2015 నుంచి పని అనుమతి పొందుతున్న హెచ్-4 జీవితభాగస్వాములు మాత్రం సొంతంగా పనిచేసుకోవచ్చు.

క్లయింటు దొరికాక డబ్బు చేతికి రావడం మరో సగం పని, సలహాలు ఇచ్చేవాళ్లు దీన్ని తొందరగా దాటేస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో డిజైనర్ మైక్ మాంటేరో 2012లో తెచ్చిన 'డిజైన్ ఈజ్ ఎ జాబ్' పుస్తకం ఈ విషయాన్ని మొహమాటం లేకుండా చెప్పింది. ఒప్పందం లేకుండా పని మొదలుపెట్టొద్దన్నది దాని పట్టుదల. మన దగ్గర ఒప్పందం అనగానే స్టాంపు పేపరు, లాయరు గుర్తొచ్చి ఇరువైపులా ఇబ్బంది పడతారు. ఒక మెయిల్ చాలు. ఎన్ని పేజీలు, ఫొటోలూ రాతా ఎవరిస్తారు, ఎన్నిసార్లు మార్పులు, మొత్తం ఎంత, ఎప్పుడెప్పుడు ఎంత అని రాసి, "సరే" అన్న జవాబు తెప్పించుకోవాలి. అడ్వాన్సు సగం తీసుకోవాలి. అడ్వాన్సు మన ఖర్చులకు మాత్రమే అనుకోవద్దు. డబ్బిచ్చే మనిషి ఎవరో పని మొదలవకముందే తేల్చిచెప్పే పరీక్ష అది. అడ్వాన్సు అడగ్గానే మాయమైన క్లయింటు, పని అయ్యాక బాకీ అడిగినప్పుడు మాయమయ్యేవాడే.

చట్టం మన వైపు ఎంతుందో చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాకుండా స్వతంత్రంగా పనిచేసినవాడు రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు అతనే. హక్కు బదిలీ రాతపూర్వకంగా జరగాలి. పూర్తి చెల్లింపు అందాకే హక్కులు బదిలీ అవుతాయన్న ఒక్క వాక్యం ఆ మెయిల్‌లో ఉంటే దానికి బలం ఉంటుంది. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. పని మొదలవకముందే అది చేసుకున్న చిన్న సర్వీసు సంస్థకు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం వర్తిస్తుంది. గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులు మించకుండా కొనుగోలుదారు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఆన్‌లైన్‌లో ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, ఇలాంటి బిల్లును గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసినా చెల్లించని కంపెనీ దాన్ని ఆ ఏడాది ఖర్చుగా ఆదాయపు పన్నులో చూపించుకోలేదు. అందువల్ల బిల్లు మీద ఉద్యం నంబరు వేస్తే కంపెనీ అకౌంట్స్ విభాగమే తొందరపడే అవకాశం ఉంది. ఇరవై వేల బాకీ కోసం కౌన్సిల్ చుట్టూ తిరగడం అందరికీ సాధ్యం కాదు, నిజమే. ఆ నంబరు బిల్లు మీద వేయడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

ఇక కృత్రిమ మేధ. ఒక వాక్యం చెబితే సైటు తయారుచేసే పనిముట్లు వచ్చాయి. చాట్‌జీపీటీ వచ్చాక అప్‌వర్క్‌లో రాత, ఎడిటింగ్ పనులు చేసేవాళ్ల సంపాదన 5 శాతం మేర తగ్గిందని షియాంగ్ హుయ్, ఓరెన్ రెషెఫ్, లూఫెంగ్ జౌ పరిశోధన చూపింది. మంచి పేరున్నవాళ్లకూ రక్షణ దొరకలేదని కూడా అందులో ఉంది. డిజైన్‌లో ఐదు పేజీల మామూలు సైటుకు ఇదే జరుగుతుందని నా అంచనా. మిర్చి ఎగుమతికి ఏ సర్టిఫికెట్ చూపించాలో, నాక్ బృందం ఏ పేజీ తెరుస్తుందో తెలిసినవాడి పని అంత తొందరగా పోదు.

ఉన్న క్లయింట్ల గురించి ఒక మాట మిగిలింది. సైటు అప్పగించాక బ్యాకప్, ప్లగిన్ల అప్‌డేట్, హోస్టింగ్ రెన్యువల్, నెలకు రెండు చిన్న మార్పులు కలిపి ఏడాదికింత అని ఒక మెయింటెనెన్స్ ఒప్పందం చేసుకోవాలి. పది సైట్లకు అది ఉంటే కొత్త క్లయింటు రాని నెలలో కూడా అద్దె కట్టుకోవచ్చు. పైగా ఏడాదికోసారి ఆ యజమానితో మాట్లాడే సందర్భం వస్తుంది, రిఫరెన్సులు ఎక్కువగా పుట్టేది ఆ ఫోన్ కాల్లోనే. డొమైన్ మాత్రం క్లయింటు పేరు మీద, క్లయింటు మెయిల్‌తోనే రిజిస్టర్ చెయ్యాలి. దాన్ని తన చేతిలో పెట్టుకుని బాకీ రాబట్టుకునే డిజైనర్లు ఉన్నారు. వాళ్లకు ఆ బాకీ వస్తుంది, ఆ యజమాని ద్వారా రావాల్సిన తర్వాతి నలుగురు రారు.